రెరా రిజిస్ట్రేషన్ నుంచి మొదటి డీల్ దాకా: తెలుగు రాష్ట్రాల్లో రియల్ ఎస్టేట్ ఏజెంట్‌గా మొదలుపెట్టేవారికి

అడిగిన ప్రశ్న ఇది: డిగ్రీ అయింది, మూడేళ్లు సేల్స్‌లో పనిచేశారు, ఇప్పుడు హైదరాబాద్ శివారులో ఏజెంట్‌గా స్థిరపడాలనుకుంటున్నారు. లైసెన్స్ ఎలా తీసుకోవాలి, మొదట ఏ పని పెట్టుకోవాలి, కమీషన్ ఎలా వస్తుంది, ఎక్కడ ఇరుక్కుపోతారు? ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టేవారికీ చాలావరకు ఇదే వర్తిస్తుంది. తేడా ఉన్నచోట చెప్తాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "నాకు పరిచయాలు బాగా ఉన్నాయి" అన్న ధైర్యంతో దిగుతారు. పరిచయాలు మొదటి రెండు మూడు డీల్స్ దాకా పనికొస్తాయి. ఆ తర్వాత కూడా నిలబడాలంటే కాగితాలు చదవడం రావాలి. ఒక ప్లాట్ గురించి కొనేవాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకూ డాక్యుమెంట్ తెరిచి జవాబు చూపించగలిగిన ఏజెంట్‌ని జనం వదులుకోరు. అందుకే ఈ జవాబులో సగం కాగితాల గురించే ఉంటుంది.

డబ్బు సంగతి ముందు తేల్చుకోండి. రీసేల్ ఫ్లాట్ గానీ ప్లాట్ గానీ చూపించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రిజిస్ట్రేషన్ దాకా రెండు మూడు నెలలు మామూలే. కొనే పార్టీకి బ్యాంకు లోను ఉంటే ఇంకో నెల. మీ చేతికి కమీషన్ అందేది చివర్లోనే. మొదటి డీల్ కుదరడానికే మూడు నెలలు పట్టిందనుకోండి, అర్ధ సంవత్సరం రాబడి లేకుండా గడిచిపోతుంది. కాబట్టి ఎనిమిది నెలల ఇంటి ఖర్చు, పెట్రోల్, ఫోన్, ప్రకటనల డబ్బు పక్కన పెట్టుకుని దిగండి. అంత లేకపోతే ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాలు అద్దె ఇళ్లు చూపించడంతో మొదలుపెట్టండి. అద్దెలో ఒక నెల అద్దె, కొన్నిచోట్ల సగం నెల అద్దె కమీషన్‌గా వస్తుంది. చిన్న మొత్తమే అయినా పది రోజుల్లో చేతికొస్తుంది. పైగా ఆ ఇంటి ఓనరే రేపు అమ్మే పార్టీ, అద్దెకున్నవారే కొనే పార్టీ అయ్యే అవకాశం ఉంది.

చేతిలో డబ్బు లేకుండా దిగినవాళ్లు తప్పుడు డీల్‌కు "అవును" అనేస్తారు. ఈ రంగంలో జరిగే తప్పుల్లో చాలావాటి మూలం అదే.

ఇక రిజిస్ట్రేషన్. రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అందరూ రెరా అంటారు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో 598 గజాలు. అలాంటి ప్రాజెక్టులో ప్లాట్ గానీ ఫ్లాట్ గానీ అమ్మిపెట్టాలన్నా, కొనిపెట్టాలన్నా ఏజెంట్ కూడా రెరాలో నమోదై ఉండాలి. బ్రోకర్ అనండి, మధ్యవర్తి అనండి, డీలర్ అనండి, పేరు ఏదైనా చట్టం దృష్టిలో అందరూ ఏజెంట్లే. నమోదు లేకుండా చేస్తే రోజుకు 10,000 రూపాయల జరిమానా. అది పెరుగుతూ ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా వెళ్లగలదు. వచ్చే కమీషన్ కంటే జరిమానా పెద్దదవుతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. తెలంగాణకు టీజీ రెరా, ఆంధ్రకు ఏపీ రెరా. రెండు రాష్ట్రాల్లో పనిచేయాలంటే రెండు రిజిస్ట్రేషన్లు కావాలి. తెలంగాణలో వ్యక్తికి ఫీజు 10,000, సంస్థకు 50,000, చెల్లుబాటు ఐదేళ్లు. పాన్, ఆధార్, ఫోటో, ఆఫీసు చిరునామా రుజువు, గత మూడేళ్ల ఐటీ రిటర్నులు పెట్టాలి. రిటర్నులు వేయాల్సినంత ఆదాయం లేకపోతే ఆ మేరకు డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది. వీటితో పాటు మీరు వాడబోయే లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు ముద్ర, రసీదు నమూనా కూడా అడుగుతారు. చాలా దరఖాస్తులు ఇక్కడే వెనక్కి వస్తాయి. ముందే ఒక ప్రింటింగ్ షాపులో ఈ మూడూ చేయించుకుని స్కాన్ చేసుకోండి. లెటర్‌హెడ్ మీద పేరు పాన్‌లో ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా ఉండాలి. అన్నీ సరిగ్గా ఉంటే 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలని రెరా నిబంధనల్లోనే ఉంది.

నంబర్ వచ్చాక దాన్ని మీ కార్డు మీద, ప్రకటనల్లో, మీరు చేయించే ప్రతి అమ్మకం కాగితంలో వేయాలి. సర్టిఫికెట్ ఆఫీసులో కనపడేలా పెట్టాలి. లెక్కల పుస్తకాలు రాయాలి. బుకింగ్ సమయానికి ప్రాజెక్టు కాగితాలన్నీ కొనేవారికి అందేలా చూడాల్సిన బాధ్యత కూడా చట్టం ఏజెంట్ మీదే పెట్టింది. లేని అనుమతి ఉందని చెప్పడం, రాని వసతి వస్తుందని ప్రకటన వేయడం మీ పేరు మీదే నేరం. బిల్డర్ చెప్పమన్నాడు కాబట్టి చెప్పాను అంటే నడవదు.

పాత కాలనీలో ఎవరో కట్టుకున్న ఇల్లు రీసేల్‌లో అమ్మిపెట్టడానికీ, అద్దెలకూ ఈ రిజిస్ట్రేషన్ లేకుండా చాలామంది పనిచేస్తున్నారు. అయినా తీసుకోమనే చెప్తాను. కొనేవాళ్లు ఇప్పుడు నంబర్ అడుగుతున్నారు, బిల్డర్ల దగ్గర ఛానల్ పార్ట్‌నర్‌గా, అంటే వాళ్ల ప్రాజెక్టులు కమీషన్ మీద అమ్మిపెట్టేవారిగా, చేరాలన్నా అది లేకుండా కుదరదు.

తర్వాతి పని ఏరియా ఎంచుకోవడం. "హైదరాబాద్ మొత్తం చేస్తాను" అనే ఏజెంట్‌కి ఏ ఏరియా తెలియదు. రెండు మూడు కిలోమీటర్ల పరిధిలో ఐదారు కాలనీలు, వాటి మధ్య ఉన్న లేఔట్లు తీసుకోండి. నెల రోజులు ఏమీ అమ్మకండి. ఉదయం బండి మీద కాదు, నడిచి తిరగండి. ఏ వీధి 30 అడుగులు, ఏది 40, ఎక్కడ వాన పడితే నీళ్లు నిలుస్తాయి, ఎక్కడ హైటెన్షన్ లైన్ వెళ్తోంది, ఏ బోరు ఎన్ని అడుగులకు పడింది, మంజీరా నీళ్లు ఏ వీధి దాకా వచ్చాయి, ఏ అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ గొడవలున్నాయి. వాచ్‌మెన్, ఇస్త్రీ బండి, కిరాణా కొట్టు, ఎలక్ట్రీషియన్, వీళ్లకు ఇల్లు ఖాళీ అవుతుందని ఓనర్ కంటే ముందే తెలుస్తుంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు తొందరపడకండి, నంబర్ ఇచ్చి వచ్చేయండి.

ఈ నెలలో ఒక రిజిస్టర్ మొదలుపెట్టండి. ఫోన్‌లో వద్దు, రూళ్లు ఉన్న పెద్ద పుస్తకం. ఒక్కో ఆస్తికి ఒక పేజీ. పైన తేదీ. కింద కాలనీ, ప్లాట్ నంబర్, సర్వే నంబర్, విస్తీర్ణం గజాల్లో, ఎన్ని అడుగుల ముఖం ఎన్ని అడుగుల లోతు, ఫేసింగ్, ముందున్న రోడ్డు వెడల్పు, వీధిపోటు ఉందా, నాలుగు హద్దులు. ఓనర్ పేరు, అసలు నిర్ణయం తీసుకునేది ఎవరు, ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పటిలోగా డబ్బు కావాలి. అడిగిన రేటు. ఎవరెవరికి చూపించారు, వాళ్లు ఏమన్నారు. అమ్ముడుపోతే చివరి రేటు ఎంత, ఏ తేదీ. పోకపోతే ఎందుకు పోలేదు. ఈ చివరి గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఏడాది తిరిగేసరికి మీ అసలు విద్య అక్కడే ఉంటుంది. వంద పేజీలు నిండితే ఆ ఏరియాలో ఏ వస్తువు ఏ రేటుకు ఎందుకు ఆగిపోతోందో మీకే అర్థమవుతుంది.

కొలతల్లో తడబడకండి. ఎకరం 4,840 గజాలు. తెలంగాణ లెక్కలో ఎకరానికి 40 గుంటలు, గుంట 121 గజాలు. ఆంధ్రలో ఎకరం 100 సెంట్లు, సెంటు 48.4 గజాలు. గజం 9 చదరపు అడుగులు. పార్టీ ముందు ఫోన్ తీసి లెక్కవేయాల్సిన పరిస్థితి రాకూడదు. ఫ్లాట్లలో ఇంకో చిక్కుంది. 1,500 అడుగులు అని చెప్పేది తరచూ సూపర్ బిల్టప్. అందులో మెట్లు, లిఫ్ట్, కారిడార్ వాటా కలిసి ఉంటుంది. రెరా ప్రకారం కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ తీసేసి, లోపలి గోడలు కలుపుకుని వాడుకోగలిగిన నేల. పైన చెప్పిన ఫ్లాట్‌లో అది 1,050 నుంచి 1,125 మధ్య ఉండటం మామూలు. రెండు అంకెలూ మొదటిరోజే చెప్పేయండి. తర్వాత టేపు పట్టుకుని వాళ్లే కొలుచుకుంటే మిమ్మల్ని అనుమానిస్తారు.

ఇప్పుడు కాగితాలు. 200 గజాల ప్లాట్ ఒకటి అమ్మకానికి వచ్చిందనుకుందాం. ఓనర్ ఒక సేల్ డీడ్ జిరాక్స్ ఇస్తారు. అక్కడితో ఆగిపోయే ఏజెంట్లు చాలామంది. మీరు అడగాల్సింది లింక్ డాక్యుమెంట్లు: ఈయనకు అమ్మినవారికి ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరు, అలా లేఔట్ వేసినవారి దాకా, అక్కడి నుంచి పట్టాదారు దాకా. కనీసం 30 ఏళ్ల గొలుసు. ప్రతి డాక్యుమెంట్‌లో షెడ్యూల్ పేజీ (ఆస్తి వివరాలుండే పేజీ) పక్కపక్కన పెట్టి నాలుగు హద్దులు చదవండి. 1995లో "తూర్పున 30 అడుగుల రోడ్డు" అని ఉండి, 2012లో అది "తూర్పున ప్లాట్ నంబర్ 46" అయిందంటే మధ్యలో ఎవరో సవరించారు, లేదా టైపు చేసినవారు పడమరను తూర్పు చేశారు. రెండోదైతే సవరణ దస్తావేజు చేయించుకోవచ్చు. మొదటిదైతే అక్కడ ప్లాటే ఉండకపోవచ్చు. తర్వాత టేపు తీసుకుని సైట్ మీద నాలుగు పక్కలా కొలవండి. డాక్యుమెంట్‌లో 200 గజాలుండి, నేల మీద 188 ఉండటం పాత లేఔట్లలో కొత్తేమీ కాదు. పక్కవాళ్లు ప్రహరీ కట్టేటప్పుడు అడుగో రెండడుగులో జరిపి ఉంటారు. ఈ సంగతి టోకెన్ (బయానా) తీసుకోకముందే అమ్మేవారికి చెప్పాలి. బేరం 200కా 188కా అన్నది అప్పుడే తేలాలి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయండి. రెండు రాష్ట్రాల్లోనూ 1983 నుంచి లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ప్లాట్ నంబర్‌తో ఒకసారి, సర్వే నంబర్‌తో ఒకసారి, డాక్యుమెంట్ నంబర్‌తో ఒకసారి, మూడు రకాలుగా వెతకండి. ఒకదానిలో కనపడని తాకట్టు ఇంకోదానిలో బయటపడుతుంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. నోటి మాట ఒప్పందం, రిజిస్టర్ చేయని అగ్రిమెంట్, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనపడవు. అందుకే సైట్ చుట్టుపక్కల నలుగురిని అడగడం కూడా పరిశీలనలో భాగమే. "ఈ స్థలం మీద ఎవరైనా వచ్చి గొడవ చేశారా" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

నిషేధిత జాబితా చూడటం మర్చిపోకండి. 22ఏ జాబితాలో సర్వే నంబర్ ఉంటే సబ్‌రిజిస్ట్రార్ రిజిస్టర్ చేయరు. ప్రభుత్వ భూమి, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూములు ఇందులో ఉంటాయి. అసైన్డ్ భూములను అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రలో తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి, తెలంగాణ విషయంలో అలా అనుకుని డీల్ పట్టుకోకండి. ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉంది, అక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీ కాదు. వ్యవసాయ భూమి అయితే తెలంగాణలో భూ భారతి పోర్టల్‌లో చూడాలి. 2020 నుంచి ఉన్న ధరణి స్థానంలో 2025లో వచ్చింది. ఆంధ్రలో మీభూమి పోర్టల్‌లో అడంగల్, వన్‌బీ అనే భూమి రికార్డులు చూస్తారు.

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల లెక్క వేరే చూసుకోవాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. రిజిస్ట్రేషన్ అయిందనో, ఇంటి పన్ను కడుతున్నారనో బఫర్‌లోని ప్లాట్ సురక్షితం కాదు. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాప్‌లో ముందు చూసి, అనుమానముంటే ఇరిగేషన్ శాఖ నుంచి ఎన్‌ఓసీ అడగమని కొనేవారికి రాతపూర్వకంగా చెప్పండి.

కుటుంబ ఆస్తి వస్తే రెట్టింపు జాగ్రత్త. తండ్రి పోయారు, ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు, డాక్యుమెంట్ అంతా శుభ్రంగా ఉంది. అక్కచెల్లెళ్లు ఉన్నారా అని అడగండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతుళ్లకూ కొడుకులతో సమాన వాటా ఉంది. "మా చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అనేది చట్టం ముందు నిలబడదు. ఆమె సంతకం గానీ, రిజిస్టరైన రిలింక్విష్‌మెంట్ డీడ్ (వాటా వదులుకున్న దస్తావేజు) గానీ ఉండాలి. మైనర్ వాటా ఉంటే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. జీపీఏ (ఓనర్ తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) మీద అమ్ముతున్నవారు వస్తే, జీపీఏ ఇచ్చిన అసలు ఓనర్‌తో మీరు స్వయంగా మాట్లాడండి, వీలైతే వీడియో కాల్‌లో చూడండి. ఆయన చనిపోతే సాధారణంగా జీపీఏ కూడా అక్కడితో పోతుంది. నోటరీ కాగితాలూ జీపీఏల మీదే చేతులు మారిన స్థలాలకు హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఫ్లాట్ అయితే మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, భూమిలో విభజించని వాటా ఎన్ని గజాలు, అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లెటర్ చూడండి. ప్లాన్‌లో నాలుగంతస్తులుండి నేల మీద ఐదుంటే, ఐదో అంతస్తు ఫ్లాట్‌కు బ్యాంకులు లోను ఇవ్వవు, అమ్మడం మీ వల్ల కాదు.

ఇన్ని చూసినా మీరు లాయర్ కారు. లీగల్ ఒపీనియన్ కొనేవారి ఖర్చుతో కొనేవారి లాయర్ దగ్గరే తీసుకోమనండి. మీరు చూసేది మీ సమయం, మీ పేరు ఈ ఆస్తి మీద పెట్టొచ్చా లేదా అని తేల్చుకోవడానికి.

రేటు చెప్పడం కూడా నేర్చుకోవాల్సిన పని. అమ్మేవారికి పక్కింటాయన చెప్పుకునే రేటే తెలుసు. మీరు గత ఆరు నెలల్లో అదే లేఔట్‌లో నిజంగా రిజిస్టరైన మూడు నాలుగు ప్లాట్లు తీసుకుని, మీ రిజిస్టర్‌లో రాసుకున్న అసలు రేట్లతో ఎదురుగా పెట్టండి. డాక్యుమెంట్‌లో రాసిన విలువ మీద ఆధారపడకండి, అది ప్రభుత్వ మార్కెట్ వాల్యూకి దగ్గరగా ఉంటుందే తప్ప అసలు బేరం కాదు. కార్నర్ బిట్‌కు, వెడల్పు రోడ్డుకు, తూర్పు ఫేసింగ్‌కు కలపండి. వీధిపోటుకు, దక్షిణం ఫేసింగ్‌కు, పల్లానికి తీసేయండి. వాస్తు మీద మీ నమ్మకం ఏదైనా, కొనేవాళ్లలో ఎక్కువమంది చూస్తారు, రేటులో తేడా నిజం. గజం 30,000కు పోయే చోట 38,000 చెప్పమని అమ్మేవారు పట్టుబడితే వస్తువు తీసుకోకండి. ఆరు నెలలు తిప్పుతారు, బోర్డు పాతబడుతుంది, చివరికి వేరే ఏజెంట్ 29,000కు అమ్ముతారు.

కొనే పార్టీకి మొత్తం ఖర్చు ముందే కాగితం మీద రాసివ్వండి. 200 గజాలు, గజం 30,000, ఆస్తి 60 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం, అంటే పూర్తి విలువ మీద 4.5 లక్షలు. మీ కమీషన్ 1 శాతం అయితే 60,000. లాయర్, డాక్యుమెంట్ రైటర్ ఖర్చులు వేరే. ఆస్తి 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారే 1 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే తీసే పన్ను) పట్టుకుని పాన్ మీద కట్టాలి. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచే. అమ్మేవారు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు, అక్కడ పట్టాల్సింది చాలా ఎక్కువ. చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరికి పంపకుండా అగ్రిమెంట్ రాయనివ్వకండి. ఈ లెక్కలు చివర్లో బయటపడితే డీల్ చెడుతుంది, తిట్లు మీకు పడతాయి.

కమీషన్ విషయంలో మొహమాటం పనికిరాదు. రీసేల్‌లో అమ్మేవారి నుంచి 1 శాతం, కొనేవారి నుంచి 1 శాతం మామూలు పద్ధతి. కొన్ని ఏరియాల్లో 2 దాకా ఉంది. ఎంత అన్నది సైట్ విజిట్‌కి ముందే చెప్పాలి, చూపించాక కాదు. వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "నమస్తే సర్, రేపు ఉదయం 10కి మీకు ఫలానా కాలనీలో ప్లాట్ నంబర్ 45, 200 గజాలు చూపిస్తున్నాను. ఈ ఆస్తి మీరు గానీ మీ కుటుంబ సభ్యులు గానీ కొంటే మా సర్వీస్ ఛార్జీ 1 శాతం, సగం అగ్రిమెంట్ రోజున, సగం రిజిస్ట్రేషన్ రోజున. సరే అయితే దయచేసి ఓకే అని రిప్లై ఇవ్వండి." ఓకే వచ్చాకే లొకేషన్ పంపండి. "కుటుంబ సభ్యులు" అన్న మాట ఎందుకంటే, భార్య పేరు మీదో బావమరిది పేరు మీదో కొని "మేం కొనలేదుగా" అనడం తరచూ జరిగేదే. అమ్మేవారి నుంచి కూడా లెటర్‌హెడ్ మీద ఒక పేజీ అథరైజేషన్ తీసుకోండి: ఆస్తి వివరం, అడిగే రేటు, కమీషన్, ఎన్ని నెలలు.

ఇద్దరి దగ్గరా తీసుకుంటున్నట్టయితే ఇద్దరికీ చెప్పండి. అమ్మేవారు 58కి ఒప్పుకుంటే కొనేవారికి 60 అని చెప్పి మధ్యలో రెండు లక్షలు ఉంచుకోవడాన్ని కొందరు తెలివి అనుకుంటారు. రిజిస్ట్రేషన్ రోజు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు, అరగంటలో మాటల్లో బయటపడుతుంది. ఆ కాలనీలో మీ పని అయిపోయినట్టే.

సైట్ విజిట్‌లో రోజుకు మూడు ఆస్తులకు మించి చూపించకండి. నాలుగోది చూసేసరికి మొదటిది మర్చిపోతారు. లోపాలు మీరే ముందు చెప్పండి. "పడమర గోడకు చెమ్మ ఉంది, డ్రైనేజీ గల్లీ చివరిదాకా రాలేదు" అని మీ నోటి నుంచి వింటే మిగతా మాటలు నమ్ముతారు. తిరిగి వచ్చాక అదే సాయంత్రం ఒక ఫోన్, మూడో రోజు ఒకటి, పదో రోజు ఒకటి. ఆ తర్వాత కొత్త వస్తువు ఉంటేనే చేయండి.

బేరం కుదిరాక టోకెన్ మీ చేతిలోకి రాకూడదు. కొనేవారి ఖాతా నుంచి అమ్మేవారి ఖాతాకు నేరుగా వెళ్లాలి. 20,000, ఆపైన నగదు రూపంలో తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. రసీదులో మొత్తం ధర, బ్యాలెన్స్ గడువు, కాగితాల్లో లోపం తేలితే టోకెన్ వాపసు, కొనేవారు మనసు మార్చుకుంటే ఎంత పోతుంది, లోను రాకపోతే ఏమిటి అన్న ఐదూ ఉండాలి. చెడిన డీల్స్‌లో ఎక్కువ గొడవలు ఈ ఐదింట్లో ఒకటి రాయకపోవడం వల్లే. కొత్త ప్రాజెక్టు అయితే రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు. అది మీ పార్టీకి మీరే చెప్పాలి.

ఇప్పుడు ప్రీలాంచ్ గురించి. ఇది చదువుతున్నవారిలో చాలామందికి మొదటి ఆఫర్ ఇక్కడి నుంచే వస్తుంది. అనుమతులు లేవు, రెరా నంబర్ లేదు, "వచ్చే నెల వస్తుంది" అంటారు. అడుగు రేటు మార్కెట్‌కు సగం, మొత్తం డబ్బు ఒకేసారి కట్టాలి, బదులుగా భూమిలో విభజించని వాటా రిజిస్టర్ చేస్తామంటారు. ఏజెంట్‌కు మామూలు ప్రాజెక్టులో 2, 3 శాతం వస్తే ఇక్కడ దానికి ఎన్నో రెట్లు ఇస్తామంటారు. అంత కమీషన్ కొనేవారి సొమ్ములోంచే వస్తోంది. కట్టడానికి మిగిలేది అంత తగ్గుతుంది. నమోదైన ప్రాజెక్టులో వసూలైన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు నిర్మాణం, భూమి ఖర్చుకే వేరే ఖాతాలో ఉంచాలి, ఇక్కడ ఆ కట్టడి ఏదీ లేదు. పని ఆగిపోయినప్పుడు కంపెనీ ఆఫీసుకు తాళం ఉంటుంది. కొన్నవాళ్లకు తెలిసిన ఇల్లు మీదే. వాళ్లలో మీ పిన్నిగారు ఉంటారు, మీ పాత ఆఫీసు కొలీగ్ ఉంటారు, రిటైర్మెంట్ డబ్బు పెట్టిన మాస్టారు ఉంటారు. నమోదు కాని ప్రాజెక్టును ఏజెంట్ అమ్మిపెట్టకూడదని చట్టం సూటిగా చెప్తోంది. ఎంత ఆకలిగా ఉన్నా దీని జోలికి వెళ్లకండి.

చేరడానికి డబ్బు కట్టమనే, కిందికి మనుషుల్ని చేర్పించమనే, ముందు నువ్వొక ప్లాట్ కొను అనే మార్కెటింగ్ కంపెనీలూ ఇలాంటివే. నేర్చుకోవడానికి ఎక్కడైనా చేరాలంటే జీతం, ఇన్సెంటివ్ ఇచ్చే చోట ఒక ఏడాది చేరండి. కమీషన్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, డీల్ రద్దయితే వెనక్కి తీసుకుంటారా అన్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.

పన్నుల సంగతి క్లుప్తంగా: బిల్డర్ కంపెనీ మీ కమీషన్‌లో టీడీఎస్ పట్టుకుని ఇస్తుంది, 2024 అక్టోబర్ నుంచి అది 2 శాతం. పాన్ ఇవ్వకపోతే 20. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కమీషన్ మీద 18 శాతం. పని కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా మొదటిరోజే తెరవండి.

రిజిస్ట్రేషన్ రోజు స్లాట్ ముందే బుక్ చేసి, డ్రాఫ్ట్ రెండు రోజుల ముందు ఇద్దరి చేతా చదివించండి. పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌తో, హద్దులు లింక్ డాక్యుమెంట్‌తో మీరు వేలు పెట్టి సరిచూడండి. ఇద్దరు సాక్షులు ఆధార్‌తో రావాలి. ఒక్కరు ఆలస్యమైతే అందరి రోజూ పోతుంది కాబట్టి మూడో మనిషిని చెప్పి ఉంచండి. ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు చేతులు మారేటప్పుడు జాబితా రాసి సంతకాలు తీసుకోండి.

ఆ తర్వాత కరెంటు మీటర్, నీటి కనెక్షన్ పేరు మార్పిడి, మున్సిపాలిటీ మ్యుటేషన్ (పన్ను రికార్డుల్లో పేరు మార్పు) మిగులుతాయి. రిజిస్ట్రేషన్‌తో పాటే పేరు మారాల్సిన చోట కూడా మారిందో లేదో ఒకసారి చూడాలి. దరఖాస్తు నంబర్లన్నీ ఆ ఆస్తి పేజీలోనే రాసుకోండి. ఆరు నెలలకు ఫోన్ చేసి ఇంటి పన్ను బిల్లు ఎవరి పేరు మీద వచ్చిందో అడగండి. పాత పేరే ఉంటే, పేజీ తిప్పి నంబర్ చదివి చెప్పండి.